మీ చెవి బాగానే ఉంది, గిటార్ శ్రుతి దించండి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మల్కాజిగిరిలో ఉంటాం. మా అమ్మాయి ఉద్యోగానికి పుణె వెళ్తూ వదిలేసిన గిటార్ నాలుగేళ్లు బీరువా మీదే ఉండిపోయింది. మా బావగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి ఈమధ్యే రిటైరయ్యారు. అక్కడి ఆంగ్లో ఇండియన్ సహోద్యోగుల దగ్గర విని నేర్చుకున్న బీటిల్స్ పాట ‘యెస్టర్‌డే’ అంటే ఆయనకు ప్రాణం. తొమ్మిది వారాల్లో రానున్న ఆయన షష్టిపూర్తికి ఆ పాట గిటార్ వాయిస్తూ పాడాలని మూడు నెలలుగా సాధన చేస్తున్నాను. నెట్‌లో దొరికిన కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) కాగితంలో ఎఫ్, బి ఫ్లాట్ ఉన్నాయి. వాటికి చూపుడువేలు అడ్డంగా వేస్తే సగం తీగలు మూగబోతున్నాయి, వేళ్ల కొసలు మండిపోతున్నాయి. ఒక వీడియోలో జి కార్డుతో మొదలుపెట్టి తేలిగ్గా నేర్పారు కానీ, అలా వాయిస్తే రికార్డుతో కలవడం లేదు. పైగా చరణం అయిపోయిన ప్రతిసారీ నాకంటే ముందే రికార్డు తర్వాతి చరణం ఎత్తుకుంటోంది. కొన్నాళ్లు వెళ్లిన శిక్షణ కేంద్రంలో మాస్టారు నాకు చెవి లేదని తేల్చేశారు. ఈ వయసులో ఇది నా వల్ల అవుతుందా?

జవాబు: మీ ఉత్తరంలో మీరు మీ లోపాలుగా రాసుకున్న మూడింటిలో రెండు అసలు లోపాలే కావు. అవి ఆ పాటలో ఉన్న విశేషాలు. జి కార్డుతో వాయిస్తే రికార్డుతో కలవడం లేదని మీ అంతట మీరు కనిపెట్టారంటేనే మీ చెవి సక్రమంగా పనిచేస్తున్నట్టు. చెవి లేనివారికి ఆ తేడా వినిపించదు, వారు హాయిగా వాయించుకుంటూ పోతారు. కాబట్టి మాస్టారి మాటను ఇక్కడితో పక్కన పెట్టి, పాట సంగతి చూద్దాం.

బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ ఈ పాటను 1965 జూన్ 14న లండన్‌లోని ఇఎంఐ స్టూడియోలో, తన గిటార్ ఆరు తీగలనూ మామూలు శ్రుతి కంటే ఒక పూర్తి స్వరం కిందికి దించి పాడారు. ఆయన చేతివేళ్లు పట్టినవి జి కార్డు ఆకారాలే, అంటే మీరు చూసిన వీడియోలో చెప్పింది నిజమే. కానీ తీగలు దిగి ఉండడం వల్ల వినిపించేది ఎఫ్, అంటే మీ కాగితంలో రాసింది కూడా నిజమే. ఇద్దరూ నిజమే చెప్పి మధ్యలో ఉన్న ఒక్క మాటను వదిలేయడం వల్ల మీకు మూడు నెలలు నష్టమయ్యాయి. మన సంగీతం మాటల్లో చెప్పాలంటే చెయ్యి ఐదు శ్రుతిలో పట్టినట్టుగా ఉండి, పాట నాలుగు శ్రుతిలో పలుకుతోంది. హార్మోనియం ఎదురుగా పెట్టుకుని పాడేవారెవరికైనా ఇది క్షణంలో అర్థమయ్యే విషయం.

ఈ చిక్కులో నేనూ పడ్డాను కాబట్టి మిమ్మల్ని చూసి నవ్వే అర్హత నాకు లేదు. ఇంటర్ చదివే రోజుల్లో క్యాసెట్ పెట్టుకుని ఈ పాట నేర్చుకోబోయి, రికార్డు నా గిటార్ కంటే కిందికి పలుకుతోందని గమనించి, టేప్ రికార్డర్ మోటారు నెమ్మదించిందని నిర్ధారణకు వచ్చాను. టేపు నెమ్మదిగా తిరిగితే శ్రుతి దిగుతుందన్న భౌతికశాస్త్రం అప్పటికి తెలుసు, గిటార్ తీగలు దించవచ్చన్న ఇంగితం తెలియదు. దాన్ని సంచిలో పెట్టుకుని కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళితే, రిపేరు చేసే పెద్దాయన విప్పి, తుడిచి, వేరే క్యాసెట్ పెట్టి వినిపించి, ‘మిషన్ ఏక్‌దమ్ ఠీక్ హై బేటా’ అని డబ్బులు కూడా తీసుకోకుండా పంపించాడు. ఆ తర్వాత కూడా నెలరోజులు నేను మోటారునే అనుమానించాను.

ఇక మీరు చేయవలసిన పని. ఫోనులో ఏదైనా ట్యూనర్ యాప్ తెరిచి, లావు తీగ నుంచి సన్న తీగ దాకా వరసగా డి, జి, సి, ఎఫ్, ఎ, డి వచ్చేట్టు శ్రుతి చేయండి. మామూలుగా అవి ఇ, ఎ, డి, జి, బి, ఇ అని ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక స్వరం దిగుతుంది. దించేటప్పుడు నేరుగా కావలసిన స్వరం దగ్గర ఆపకండి. దాని కంటే కాస్త కిందికి వదిలి, మళ్లీ పైకి బిగిస్తూ వచ్చి ఆపండి. కిందికి వస్తూ ఆపితే బిరడా పళ్లలో మిగిలిన సందు వల్ల తీగ పది నిమిషాల్లో ఇంకాస్త జారుతుంది. ఆరు తీగలూ అయ్యాక మళ్లీ మొదటి తీగ నుంచి ఒకసారి సరిచూడాలి, ఎందుకంటే ఒక తీగ వదులైతే మిగతావాటి బిగువు కొద్దిగా మారుతుంది. క్యాపో, అంటే తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టే క్లిప్పు, పెట్టి ఈ పని చేయవచ్చా అని మీకు అనుమానం రావచ్చు. క్యాపో శ్రుతిని పైకే తీసుకెళ్తుంది, కిందికి దించలేదు.

ఇలా దించడంలో మీకు అడగకుండానే దక్కే లాభం ఒకటుంది. తీగ ఒక స్వరం దిగితే దాని బిగువు దాదాపు 20 శాతం తగ్గుతుంది, కాబట్టి నొక్కడానికి వేళ్లకు శ్రమ తగ్గుతుంది. అయితే నాలుగేళ్లు బీరువా మీద ఉన్న గిటార్ మీద ఇంకా ఆ పాత తీగలే ఉంటే, అవి ఈపాటికి తుప్పు పట్టి వేళ్లను గీస్తూ ఉంటాయి, వెంటనే కొత్తవి వేయించండి. దుకాణంలో కొత్తవారికి సాధారణంగా పది నంబరు తీగలు ఇస్తారు, నంబరు పెరిగేకొద్దీ తీగ లావు. మీరు మాత్రం పన్నెండు నంబరు అడగండి. పది నంబరు తీగలను ఇంత కిందికి దించితే అవి వదులై ఫ్రెట్ల (గిటార్ మెడ మీది అడ్డ కమ్మీల) మీద జరజరమంటాయి. పన్నెండు నంబరు తీగ ఒక స్వరం దిగాక, చేతికి పదికీ పదకొండుకీ మధ్య ఉన్న తీగలాగా తగులుతుంది, నాదం నిండుగా వస్తుంది.

అదే రోజు తీగల ఎత్తు కూడా చూపించండి. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల పొడి వేడి, ఆ వెంటనే వానాకాలపు తేమ కలిసి చెక్క గిటార్ మెడను కొద్దికొద్దిగా వంచుతాయి, అందులోనూ బీరువా మీద, శ్లాబుకు దగ్గరగా ఉన్నదాన్ని. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగకూ ఫ్రెట్‌కూ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే మంచిది, 4 ఉంటే ఎంతటి విద్వాంసుడికైనా వేలు నొప్పి పెడుతుంది. సికింద్రాబాద్‌లోనో అబిడ్స్‌లోనో వాద్యాల దుకాణంలో ‘యాక్షన్ తగ్గించండి’ అంటే సరిపోతుంది. కొత్త గిటార్ కొనమని సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి.

చూపుడువేలు అడ్డంగా పరిచే బార్ కార్డుల బాధ ఎఫ్, బి ఫ్లాట్ పోవడంతోనే చాలావరకు పోతుంది. జి ఆకారాల్లో కష్టమనిపించేది ఒక్కటే, ఎఫ్ షార్ప్ మైనర్ సెవెన్. దాన్ని పుస్తకాల్లో చూపించినట్టు ఆరు తీగల మీదా వేలు పరిచి పట్టనవసరం లేదు. నడిమి వేలిని లావు తీగ మీద రెండో ఫ్రెట్‌లో పెట్టి, దాని కొస పక్కనున్న ఐదో తీగకు తగిలి అది మోగకుండా చూసుకోండి. ఉంగరపు వేలిని నాలుగు, మూడు, రెండు తీగల మీద అదే రెండో ఫ్రెట్‌లో పడుకోబెట్టండి. సన్న తీగ పొరపాటున ఖాళీగా మోగినా ఫరవాలేదు, ఆ స్వరం ఈ కార్డులోనిదే. మూడు తీగల మీద వేలు పరచడం ఆరింటి మీద పరచడంలో సగం కష్టం కూడా కాదు.

ఈ కార్డునూ, దీని వెంటనే వచ్చే బి సెవెన్‌నూ కష్టమని వదిలేసి, తేలిక కార్డులతో సర్దేసే పాఠాలు ఉన్నాయి. దయచేసి ఆ దారి పట్టకండి. ఎందుకో స్వరాలతో చెబుతాను. ఎఫ్‌ను షడ్జమం అనుకుంటే పాట ‘రి స స’ అని ఒక్క మాటతో మొదలై ఆగుతుంది. తర్వాత ‘గ మ ధ ధ ని స, ని ధ ధ’ అని మెట్లెక్కి తారషడ్జమం తాకి దిగుతుంది. ఆ మధ్యమం ప్రతి మధ్యమం, మొదటి ధైవతం శుద్ధ ధైవతం, రెండోది చతుశ్రుతి ధైవతం, మధ్యలో పంచమం అసలు లేదు. రెండు ధైవతాలను ఇలా వెంటవెంటనే వేయడం మన రాగాల్లో సాధారణంగా కనిపించదు, చెవికి కొత్తగా, గుండె కాస్త జారినట్టుగా ఉండేది అక్కడే. ఆ ప్రతి మధ్యమం ఎఫ్ షార్ప్ మైనర్ సెవెన్‌లో ఉంది. ఆ శుద్ధ ధైవతం బి సెవెన్‌లో ఉంది, మీ చూపుడువేలు నాలుగో తీగ మీద మొదటి ఫ్రెట్‌లో నొక్కే స్వరం అదే. ఆ రెండు కార్డులూ తీసేస్తే గొంతు ఒక దారిన, గిటార్ ఒక దారిన పోతాయి, మీ బావగారు మర్యాద కొద్దీ చప్పట్లు కొడతారు.

అందుకే మొదటి వారం గిటార్ పక్కన పెట్టి ఈ స్వరాలు పాడండి. మాటలు వద్దు, ‘తననా’ అనుకున్నా చాలు. ఇది నేను కల్పించిన పద్ధతి కూడా కాదు. ఈ వరస మెకార్ట్నీకి నిద్రలో కలలో తోచింది. మాటలు దొరికేదాకా ఆయన గుడ్ల పొరటు గురించిన పిచ్చి మాటలేవో పెట్టుకుని పాడుకుంటూ తిరిగారు. మాటల బరువు లేకుండా వరస గొంతులో కుదిరాక, చెయ్యి తప్పు కార్డు పట్టిన క్షణంలోనే మీకు తెలిసిపోతుంది, ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మీ మూడో ఫిర్యాదు, రికార్డు మీకంటే ముందే ఎత్తుకోవడం. పాశ్చాత్య పాటల్లో చరణం ఎక్కువగా ఎనిమిది ఆవర్తనాలు ఉంటుంది, ఆవర్తనానికి నాలుగు దెబ్బలు. మీరు ఇంతకుముందు నేర్చుకున్న పాటలన్నీ అలాంటివే అయి ఉంటాయి కాబట్టి మీ చెయ్యి ఎనిమిదికి అలవాటు పడింది. ఈ పాట చరణం ఏడు ఆవర్తనాలే. మీరు ఎనిమిదో ఆవర్తనం ఉంటుందని ఎదురుచూస్తూ ఉండగా, లేని దాని కోసం ఆగకుండా రికార్డు తన దారిన తాను వెళ్లిపోతోంది. దీన్ని మిశ్రచాపుతో పోల్చి ఏడు దెబ్బల తాళం అనుకోకండి, దెబ్బలు నాలుగే, అలాంటి ఆవర్తనాలు ఏడు, మొత్తం 28 దెబ్బలు.

ఆ ఏడింటినీ మాటల్లో చెప్పుకుంటూ పోతే ఇలా ఉంటుంది. మొదటి ఆవర్తనమంతా జి. రెండోది సగం ఎఫ్ షార్ప్ మైనర్ సెవెన్, సగం బి సెవెన్. మూడోది ఇ మైనర్, దాని రెండో సగంలో పై తీగలు అలాగే ఉంచి బొటనవేలు మాత్రం నాలుగో తీగను ఖాళీగా మీటుతుంది. నాలుగోది సి, డి సెవెన్. ఐదోది మళ్లీ జి, రెండో సగంలో మంద్రంలో లావు తీగ రెండో ఫ్రెట్. ఆరోది ఇ మైనర్, ఎ సెవెన్. ఏడోది సి, జి, అంతే, ఆ జి మీద ఊపిరి తీసుకుని మళ్లీ మొదలు. ఇవన్నీ చెయ్యి పట్టే ఆకారాల పేర్లని గుర్తుంచుకోండి, వినిపించేవి ఒక స్వరం కింద ఉంటాయి. లెక్కపెట్టడం కంటే, చరణంలో పాట పేరు చివరిసారి పలికే చోటును ఆనవాలుగా పెట్టుకోవడం మేలు. ఆ మాట ఏడో ఆవర్తనంలో పడుతుంది, అది వినిపించగానే తర్వాతి చరణానికి సిద్ధం కావాలి.

మధ్యలో రెండుసార్లు వచ్చే భాగం ఎనిమిది ఆవర్తనాలు. అందులో మొదటి నాలుగు నేర్చుకుంటే తర్వాతి నాలుగూ దాదాపు అవే. కాబట్టి మీరు చేతితో నేర్చుకోవలసింది ఏడూ నాలుగూ కలిపి పదకొండు ఆవర్తనాలు మాత్రమే. రికార్డు మొత్తం రెండు నిమిషాల చిల్లర. తొమ్మిది వారాలు దీనికి ఎక్కువే అంటాను.

కుడిచేతి విషయం పెద్దగా చెప్పను. పిక్ వద్దు. బొటనవేలితో మంద్ర తీగ, ఆ వెంటనే మిగతా వేళ్లతో పై మూడు తీగలు కలిపి పైకి, అంతే చాలు. ఈ పాటలో మిగిలిన ముగ్గురు బీటిల్స్ ఎవరూ వాయించలేదు, డ్రమ్ముల్లేవు, ఒక గొంతు, ఒక గిటార్, వాటి మీద మూడు రోజుల తర్వాత రికార్డు నిర్మాత జార్జ్ మార్టిన్ చేర్పించిన రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక సెల్లో. ఆ నాలుగు వాద్యాలు లేకపోయినా పాటకు కొరత కనిపించదు కాబట్టే ఇంట్లో ఒంటరిగా వాయించడానికి ఇంతకంటే అనువైన పాట దొరకదు. అవి లేని లోటు తీర్చాలని గట్టిగా బాదితే మాత్రం పాట పాడవుతుంది.

వేళ్ల నొప్పికి మందు సమయాన్ని ముక్కలు చేయడమే. రోజూ రాత్రి గంటసేపు కూర్చునే బదులు ఉదయం పదిహేను నిమిషాలు, ఆఫీసు నుంచి వచ్చాక పదిహేను, పడుకునే ముందు పదిహేను చేయండి. చర్మం గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, మధ్యలో వారం మానేస్తే మళ్లీ మెత్తబడుతుంది. స్నానం చేసిన వెంటనే, అంట్లు తోమిన వెంటనే వాయించకండి, నానిన చర్మాన్ని తీగ కోస్తుంది. రికార్డుతో కలిపి వాయించేటప్పుడు యూట్యూబ్‌లో వేగాన్ని 0.75కు తగ్గించుకోండి, క్యాసెట్ కాలంలోలాగా శ్రుతి దిగిపోదు. మూడు వారాలు అలా, తర్వాత అసలు వేగం. చివరి రెండు వారాలు రికార్డు కట్టేసి ఒక్కరే పాడుకోవాలి, లేకపోతే ఆ రోజు మెకార్ట్నీ గొంతు లేక మీరు దారి తప్పుతారు. పాట తారషడ్జమం దాకా పోతుంది. అక్కడ మీ గొంతు చీలుతుంటే ఆరు తీగలనూ ఇంకో అర స్వరం దించండి, రికార్డుతో కలవకపోయినా మరేం ఫరవాలేదు.

వయసు గురించి అడిగారు. 46 ఏళ్లకు వేళ్లు నెమ్మదిగా నేర్చుకుంటాయన్నది నిజమే, అయితే ఈ పాటలో వేళ్లకు వేగంతో పని లేదు. ఆ మాటకొస్తే, 1965లో పుట్టిన ఈ పాటకూ మీ బావగారికీ దాదాపు ఒకే ఈడు.

మీరు అడగని సంగతి ఒకటి, చనువు తీసుకుని చెబుతాను. ఇది విరహగీతం. ఆమె ఎందుకు వెళ్లిపోయిందో చెప్పకుండా వెళ్లిపోయింది, నేనేదో తప్పు మాట అన్నాను, నిన్నటి రోజే బాగుండేది అని ఇందులో వాపోతాడు. షష్టిపూర్తి అంటే ఆలుమగలకు మళ్లీ పెళ్లి. పీటల మీద మీ అక్కయ్యగారికి బావగారు మరోసారి మంగళసూత్రం కట్టిన మరుక్షణం, మైకులో మీరు ఈ పాట ఎత్తుకుంటే, ఇంగ్లిష్ తెలిసిన చుట్టాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఫంక్షన్ హాల్ స్టేజీ మీద కాకుండా, సాయంత్రం భోజనాల హడావిడి సద్దుమణిగాక, ఇంటి డాబా మీద, వర్క్‌షాపు మిత్రులు నలుగురిని కూర్చోబెట్టుకుని పాడండి. గిటార్ నాదానికీ అదే మంచిది, హాలు స్పీకర్లలో మంద్ర తీగ ఉట్టి దద్దరింపుగా వినిపిస్తుంది.

డాబా మీదికి వెళ్లాక పావుగంట గిటార్‌ను బయటి గాలికి ఉంచి, అప్పుడు శ్రుతి చూసుకోండి, ఏసీ గది నుంచి తెచ్చిన గిటార్ తీగలు బయట మారిపోతాయి. సన్న తీగ ఒకటి అదనంగా జేబులో ఉంచుకోండి. మొదట రెండు ఆవర్తనాలు జి మాత్రమే మెల్లగా మీటి పాట ఎత్తుకోండి. ఆఖరి చరణం అయ్యాక ఆగిపోకండి. రికార్డులో ఆరో ఆవర్తనం, ఏడో ఆవర్తనం మరోసారి వస్తాయి, అక్కడ మాటలుండవు, గొంతు ఊరికే కూనిరాగం తీస్తుంది. అది మీరు వాయించి, పాడడం బావగారికి వదిలేయండి.